ఉప్పు పరీక్ష

బస్సులు వాటంతట అవే నడవడం మొదలయ్యాక డ్రైవర్లందరినీ పునర్విద్యా కేంద్రానికి పంపారు. నలభై రోజులకి ఏసురత్నం ఇంటికొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా విసుక్కోలేదు. కరెంటు పోయినా నవ్వుతూనే ఉన్నాడు.

అతని భార్య కరుణమ్మకి అది నచ్చలేదు. మొగుడు మారాడా, అతని రూపంలో ఇంకెవర్నైనా పంపారా అని అనుమానం. ఉప్పు చిటికెడు ఎక్కువైతే కంచం తోసేసే మనిషి. అందుకే ఆ మధ్యాహ్నం గోంగూర పప్పులో గుప్పెడు ఉప్పు పోసింది.

"ఎట్టా ఉందయ్యా?"

"చాలా బాగుందండీ. ఇంకొంచెం వెయ్యండి."

పద్నాలుగేళ్ల కాపురంలో అతను ఆమెని ఎప్పుడూ అండీ అనలేదు. కరుణమ్మ ఇంకో గరిటె వేసింది.

అంతా తిని ఏసురత్నం పెరట్లోకి వెళ్లాడు. ఆమె కిటికీలోంచి చూసింది. కుండ దగ్గర నిలబడి గటగటా నాలుగు గ్లాసుల నీళ్లు తాగాడు. "సముద్రమంతా పోసింది, దీని మొహం మండ" అని గొణిగాడు.

కరుణమ్మకి ప్రాణం లేచొచ్చింది.

అంతలో ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. కేంద్రం నుంచి రోజూ వచ్చే ప్రశ్నలు. పెళ్లాం పంపిన ఒక్క జవాబు తేడాగా ఉన్నందుకే పక్కింటి డ్రైవరు ప్రకాశాన్ని మళ్లీ తీసుకెళ్లారు. మీ ఆయన విసుక్కున్నారా? లేదు. ఎదురు చెప్పారా? లేదు. చివరి ప్రశ్న మాత్రం ఇంతకుముందు రాలేదు.

"మీరు ఉప్పు ఎక్కువ వేసి చూశాక, ఆయన ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారు?"

కరుణమ్మ వంటింట్లో నాలుగు మూలలా చూసింది. తర్వాత 'అర గ్లాసు' అని రాసి పంపి, అతనికి ఐదో గ్లాసు తీసుకెళ్లింది.