నైరుతి గదిలో తీగ

"ఆ ఎలక్ట్రీషియన్ పైపు లేకుండా ఒట్టి తీగ పరిచేశాడు. పలకలు మళ్ళీ పీకించండి!" ఇందిరాదేవి అత్తగారి గది గుమ్మంలోంచి కేకేసింది.

"మళ్ళీనా? నిన్ననేగా బిగించాడు!" చక్రపాణి పేపరు పక్కన పడేశాడు. "రేపు ఇల్లు కొనేవాళ్ళొస్తున్నారే బాబూ!"

"అందుకే చెప్తున్నా. థర్మోకోల్‌కి ఆనుకుంటే తీగ పైతొడుగు పాడవుతుందట. రేపేదైనా అయితే కొన్నవాళ్ళు మన పీక పట్టుకోరూ?"

చక్రపాణి విసుక్కుంటూ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేశాడు.

తల్లి కోటేశ్వరమ్మకి మోకాళ్ళ నొప్పులు. టైల్స్ చల్లదనం పడటం లేదంటే, ఆవిడ గదిలో థర్మోకోల్ షీట్లు పరిపించి పైన చెక్క పలకలు వేయించాడు. మంచం దగ్గర ప్లగ్గు పాయింటు కోసం పలకల కింద నుంచి తీగ లాగాలి. అంతే పని. ఈలోగా తెలంగాణ ఉద్యమం వేడెక్కింది. నెల తిరక్కుండా ఎన్ని బంద్‌లో! ఎల్బీనగర్‌లో ఇల్లు అమ్మేసి సొంతూరు తెనాలి వెళ్ళిపోదామన్నాడు చక్రపాణి. పద్దెనిమిదేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్ స్కూల్లో పాఠాలు చెబుతున్న భార్య ఇందిర రాద్ధాంతం చేస్తుందనుకున్నాడు. చేయలేదు.

"మీ ఇష్టం. ఆ గది పని పూర్తయితే మంచి ధర వస్తుంది" అంది, అంతే.

ఎలక్ట్రీషియన్ భిక్షపతి పలకలు ఊడదీశాడు. పైపు థర్మోకోల్ కంటే లావుంది. నేలలో గాడి కొట్టాడు. సగం కొట్టి సుత్తి సంచిలో వేసుకున్నాడు.

"రేపు రోడ్డు మీద వంటావార్పు ధర్నా ఉంది సార్. ఎల్లుండి ఒస్తా."

మర్నాడు గడ్డిఅన్నారం పళ్ళ వ్యాపారి జోగారావు దిక్సూచి పట్టుకుని వచ్చాడు. వంటిల్లు నచ్చింది, బాల్కనీ నచ్చింది. కోటేశ్వరమ్మ గదిలోకి తొంగిచూసి అడుగు వెనక్కి వేశాడు.

"నైరుతిలో గొయ్యా! కొనకముందే ఈ శకునమేంటండీ?"

"గొయ్యి కాదు సార్, తీగ కోసం..."

పోసిచ్చిన టీ కూడా ఆయన తాగలేదు.

పది రోజులకి మీర్‌పేట్ నుంచి ఓ జంట వస్తామన్నారు. చక్రపాణి దగ్గరుండి పలకలు వేయించాడు. మర్నాడు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి పలకలన్నీ గోడకి జారగిలేసి ఉన్నాయి.

"తీగ సన్నంది వేశాడండీ, హీటరు పెడితే కాలిపోతుంది. నేనే మార్చమన్నాను" అంది ఇందిర. "ఇంత చేతకాని మనిషిని ఎక్కడ పట్టుకొచ్చారు?"

ఆ జంట కూడా నైరుతి వైపు చూసి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

"ఏమయ్యా, ఒక్క తీగకి ఇన్నాళ్ళా?" చక్రపాణి భిక్షపతి మీద విరుచుకుపడ్డాడు.

"నన్నేం జేయమంటరు సార్? మీరు మూయమంటరు, మేడం తెరువమంటది. నడుమ నేను పరేషాన్." భిక్షపతి బీడీ చెవి మీద పెట్టుకున్నాడు. "అయినా మీరెందుకు పోతుండ్రు? మేం రాష్ట్రం అడుగుతున్నం గానీ, మీ ఇల్లడుగుతున్నమా?"

మూడోసారి ఒక రిటైర్డ్ తహసీల్దారు వచ్చాడు. అప్పటికి ప్లగ్గు చోటు కుదరలేదని ఇందిర అంటే గాడి ఇంకోవైపు తిరిగింది. ఆయన గొయ్యి చూసి నవ్వాడు.

"వాస్తు సంగతి సరే. ఇంత శ్రద్ధగా ఇల్లు బాగుచేయించుకుంటూ ఎందుకు అమ్ముతున్నారండీ?"

చక్రపాణి గోడకి ఆనించిన పలకల వంక చూశాడు. ఆ ప్రశ్న వారమంతా అతన్ని వదల్లేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అందర్నీ తల్లి గదిలోకే పిలిచాడు. భిక్షపతి మూల కూర్చుని పైపు కోస్తున్నాడు. కోటేశ్వరమ్మ మంచం మీద, కూతురు తన్మయి ఆవిడ కాళ్ళ దగ్గర, ఇందిర గుమ్మంలో.

"నాకు ఓపిక అయిపోయింది" అన్నాడు చక్రపాణి మెల్లగా. "ఇల్లు అమ్మడం లేదు. ఇక్కడే ఉంటున్నాం."

తన్మయి నాయనమ్మని వాటేసుకుంది.

"ముందా గొయ్యి పూడ్పించరా, పడి చస్తాను" అంది కోటేశ్వరమ్మ.

"మీ ఇష్టం" అంది ఇందిర, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

భిక్షపతి రంపం కింద పెట్టి, చక్రపాణి భుజం మీదుగా గుమ్మం వైపు చూశాడు.

"మేడం, ఇగ నిజంగనే మూయాల్నా?"