రెండూ ఎర్ర వైర్లే

రుద్రూర్‌లో ఎర్రన్న కొత్త ఇంట్లో ముందు స్పీకర్లు కిటికీలు అదిరేలా మోగుతున్నాయి.

వెనక రెండూ మాత్రం అలిగిన కొత్తల్లుళ్లలా మూలుగుతున్నాయి.

సాయిరాంకు చెమటలు పట్టాయి. బోధన్‌లో దుకాణం పెట్టిన రెండేళ్లకు దొరికిన మొదటి హోం థియేటర్ పని ఇది.

"రేపు గృహప్రవేశం. పొద్దూకేసరికి చుట్టాలంత దిగుతరు," అన్నాడు ఎర్రన్న. "అప్పటికి వెనకవి మంచిగ మోగాలె. లేకుంటె అన్నీ విప్పుకొని పో సాయిరాం."

అని పందిరి వేయించడానికి బయటికి వెళ్లిపోయాడు.

విప్పుకొని పోవడమంటే మాటలా? ఈ చుట్టాల్లో సగం మంది బోధన్ వాళ్లే. రేపటికల్లా ఊరంతా చెప్పుకుంటారు. ఇక దుకాణానికి తాళం వేసుకోవడమే.

సాయిరాం రిమోట్‌తో వెనక సౌండు ఆఖరుదాకా పెంచాడు. స్పీకర్లను కిందికి దించాడు, మళ్లీ పైకెక్కించాడు. దేవుడికి దండం కూడా పెట్టుకున్నాడు. అవి మూలుగు మానలేదు.

అప్పుడే ఒక పెద్దాయన లోపలికి వచ్చాడు. తెల్ల అంగీ, ధోవతి, చేతిలో గుడ్డసంచి.

"వంటలు పెరట్ల, పెద్దాయనా," అన్నాడు సాయిరాం విసుగ్గా, వంటాయన అనుకుని.

"కానియ్ బిడ్డా, జరంత కూసుంట," అని ఆయన వెనక గోడ దగ్గరే కూర్చున్నాడు.

ఈయనొకడు తక్కువయ్యాడు నా ప్రాణానికి, అనుకున్నాడు సాయిరాం.

కాసేపు విని, పెద్దాయనే అడిగాడు.

"ఒక్కొక్కటి పెట్టి సూసినవా?"

"సూసిన. ఒక్కొక్కటి పెడితె మంచిగనే మోగుతయి. రెండూ కలిపితెనే దమ్ము పోతది."

"వైర్లు రెండూ ఎర్రవే ఉన్నయేంది? ఒకటి ఎరుపు, ఒకటి నలుపు ఉండాలె గద?"

సాయిరాం జవాబిచ్చేలోపే, ఓ పక్కన పూజ పళ్లెం సర్దుతున్న ఎర్రన్న తల్లి ఈరవ్వ అందుకుంది.

"నేనే తీపిచ్చిన. పాలు పొంగియ్యక ముందే కొత్తింట్ల గోడలకు నల్లది కడతరా? బుద్ధి ఉండద్దా?"

"మరేం చెయ్యాలె? అన్నీ ఎర్రయే తెచ్చి కట్టిన," అన్నాడు సాయిరాం. "ఏది ఏదో గుర్తు పెట్టుకున్ననే అనుకున్న."

పెద్దాయన నవ్వలేదు.

"గోడ గడియారంల సెల్లు తీస్కరా. వైర్ల కొసలు యాంప్లిఫయర్ డబ్బానుంచి ఊడదీసి, ప్లస్‌ల ఉన్నదాన్ని సెల్లు ప్లస్‌కు, మైనస్‌ల ఉన్నదాన్ని మైనస్‌కు ముట్టియ్యి. స్పీకరు జాలీ తీసి లోపలి పొర సూడు."

చేసేదేమీ లేక సాయిరాం చెప్పినట్టే చేశాడు.

కుడి స్పీకరు పొర టప్పున ముందుకు వచ్చింది.

ఎడమది టప్పున లోపలికి పోయింది.

"సూసినవా? ఇది తోస్తున్నది, అది గుంజుతున్నది. రెండెడ్లు ఎదురుబొదురు గుంజితె బండెట్ల కదులుతది బిడ్డా?"

సాయిరాం నెత్తి కొట్టుకున్నాడు. ఎడమ స్పీకరు వైర్లు తారుమారయ్యాయి! ఇంత చిన్న తప్పుకా పొద్దున్నుంచి ఇంత చావు!

"జెర నువ్వే మార్చు కాకా, మళ్ల తప్పుతనేమో."

"పని నీది. నువ్వే మార్చాలె." ఆయన పూజ పళ్లెంలోంచి చిటికెడు పసుపు తీసి సాయిరాం చేతిలో పెట్టాడు. "ఒక్కో స్పీకరుకు ఒక వైరు పట్టి, దాని రెండు కొసలకు పసుపు రాయి. గుర్తుకు గుర్తుంటది, అవ్వ గూడ కాదనది."

ఈరవ్వ కాదనలేదు సరికదా, ఇంకాస్త పసుపు తెచ్చి ఇచ్చింది.

పొద్దూకింది. చుట్టాలు హాలు నిండా కూర్చున్నారు. సాయిరాం సినిమా పెట్టాడు. తెరమీద మబ్బు కమ్మింది. ఉరుము ముందు నుంచి దొర్లుకుంటూ వచ్చి, వెనక గోడ మీద ఫెళ్లున విరిగింది. ఆ వెంటనే అందరి వీపుల వెనక భోరున వాన.

"అయ్యో, వాకిట్ల వడ్లు ఎండవోసిన! తడుస్తయే!"

ఈరవ్వ కొంగు నెత్తిన వేసుకుని వాకిట్లోకి ఉరికింది!

హాలంతా గొల్లుమంది. వాకిట్లో చుక్క వాన లేదు. అవ్వ తిరిగొచ్చి, తనూ పడీపడీ నవ్వింది.

"ఇది సౌండంటే!" అన్నాడు ఎర్రన్న బామ్మర్ది నర్సింలు. "సాయిరాం, వచ్చే వారం మా ఇంట్ల గూడ పెట్టాలె."

"మా ఇంట్ల గూడ!" అన్నారు ఇంకెవరో.

సాయిరాం గుండె పొంగిపోయింది. తన దుకాణం నిలబడింది, తన పేరు నిలబడింది. ఆ పెద్దాయన కాళ్లకు మొక్కాలనిపించింది. పేరైనా అడగలేదే అనుకుంటూ వెనక గోడ వైపు చూశాడు. ఆయన లేడు. పెరట్లో చూశాడు. అక్కడా లేడు.

ఎర్రన్న ఎదురొచ్చి భుజం తట్టాడు.

"శభాష్ సాయిరాం! కడుపుల పెట్టుకోకు, ఒక మాట చెప్త. నీతోని గాదేమో అని పనంత ఆయనకిద్దామని నిజామాబాద్ నుంచి సౌండు మెకానిక్ లింబయ్యను పిలిపించిన. తెల్ల అంగీ, గుడ్డసంచి ఉంటది సూడు, ఆయనే. ఇందాక గేటుకాడ కలిసి, 'ఆ పిలగాని పని పక్కా ఉన్నది, నాకిక్కడ పనిలేదు' అని బస్సెక్కి పోయిండు."