లోపలి కుట్టు

స్నానాల గదిలో గొళ్ళెం పడిన చప్పుడు వినగానే ఆమె లేచింది. కొక్కేనికి వేలాడుతున్న భర్త ప్యాంటు తీసి, తిరగేసి, మిషను కింద పెట్టింది. నడుం దగ్గర వేలి మందాన లోపలికి పట్టి గబగబా తొక్కింది. పాత కుట్టు విప్పేసి ఇస్త్రీపెట్టెతో ఒక్క రుద్దు రుద్దింది. నీళ్ళ చప్పుడు ఆగేసరికి ప్యాంటు ఏమీ ఎరగనట్టు మళ్ళీ కొక్కేనికి వేలాడుతోంది.

ఇద్దరూ దర్జీలే. ముందు గది దుకాణం, వెనక గది కాపురం. మగవాళ్ళ బట్టలు ఆయనవి, ఆడవాళ్ళవి ఆమెవి. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు. పెట్టిన పూట పొయ్యిలో పిల్లి లేవదు.

కుట్టులోనూ ఎవరి దారి వాళ్ళది. ఆమె కుట్టు చివర దారం ముడేసి తుంచేస్తుంది. ఆయనకి ముడి మీద నమ్మకం లేదు, చివర మూడుసార్లు వెనక్కి తొక్కితేగాని కత్తెర పట్టడు.

"అన్ని ముళ్ళూ మనిద్దరి ముడిలా గట్టిగా ఉంటాయటే?" అని వెక్కిరిస్తాడు.

రోగం మాత్రం కలిసే తెచ్చుకున్నారు. తొమ్మిదేళ్ళ కిందట ఇద్దరికీ పిత్తాశయంలో రాళ్ళు. ఒకే డాక్టరు దగ్గర ఒకరి తర్వాత ఒకరు ఆపరేషను చేయించుకున్నారు. తీసిన రాళ్ళను ఆస్పత్రివాళ్ళు చెరో సీసాలో వేసి ఇస్తే, తెచ్చి గుండీల డబ్బా పక్కన అరలో పెట్టుకున్నారు. ఆయనది ఒక్కటే, రేగిపండంత. ఆమెవి ఆవగింజల్లా గుప్పెడు.

"రాళ్ళేరకుండా వండితే ఇంతే మరి," అనేవాడాయన.

"ఆ వంట తిన్న మీకు ఒక్కటే వచ్చిందేం?" అనేది ఆమె.

ఆ నవ్వులన్నీ పోయిన చలికాలం వరకే. ఇద్దరికీ తిండి సహించడం లేదని కలిసే పరీక్షలకి వెళ్ళారు. ఫలితాలొచ్చిన రోజు ఆయన ఆమెను మందుల కొట్టుకి పంపాడు. గొడుగు మరిచిపోయి వెనక్కొచ్చిన ఆమె, ఓరగా తెరిచి ఉన్న తలుపు దగ్గర ఆగిపోయింది.

"అప్పట్లో తీసిన పిత్తాశయంలో చిన్న కేన్సరు కనిపించిందని చెప్పాను కదా," అంటున్నాడు డాక్టరు. "పూర్తిగా పోయిందనుకున్నాం. ఇన్నేళ్ళకి తిరగబెట్టింది. కాలేయమంతా పాకింది. ఇక కోసి లాభం లేదు."

"ఇన్నేళ్ళూ ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడూ చెప్పకండి డాక్టరు గారూ. తనకి మాత్రం తెలియకూడదు." అది భర్త గొంతు.

గొడుగు తీసుకోకుండానే వానలోకి నడిచింది. తెలియకూడదని ఆయన కోరుకుంటే తెలియనట్టే ఉంటాను అనుకుంది. ఏడవాల్సిందంతా ఆ వానలోనే ఏడ్చేసింది.

ఆనాటి నుంచి ఆయన కళ్ళముందే చిక్కిపోతున్నాడు. కంచంలోది సగం ఆమె కంచంలోకి తోసేస్తాడు. మిషను ముందు కూర్చుని తొక్కడం మరిచిపోతాడు. ఇంట్లో పనంతా మీదేసుకున్నాడు. బట్టలు ఉతికేదీ మడతపెట్టేదీ ఇప్పుడు ఆయనే. ఉన్న నాలుగు రోజుల్లోనే ప్రేమంతా ఖర్చు పెట్టెయ్యాలని చూస్తున్నాడనుకుని ఆమె కుమిలిపోయింది.

ఒళ్ళు తగ్గిన సంగతి దర్జీకి అద్దం కంటే ముందు బట్ట చెబుతుంది. అందుకే ఆమె ఆ బట్ట నోరు మూయిస్తూ వచ్చింది. ఇదివరకైతే కుట్టు వెంట్రుకవాసి జరిగినా పట్టేసేవాడు. ఇప్పుడాయన ధ్యాస ఆయన మీదే లేదు.

"నిరుటి ప్యాంటు ఇంకా అతికినట్టుందండీ మీకు," అంది ఓ రోజు ధైర్యం చెబుతున్నట్టు.

"నీ జాకెట్టు మాత్రం? ఇద్దరం దుక్కల్లా ఉన్నామే!"

ఇద్దరూ అవసరానికి మించే నవ్వారు.

నిజానికి ఆమెకీ ఒంట్లో బాగుండటం లేదు. ఉంగరం జారిపోతుంటే దారం చుట్టుకుంది. దిగులు మనిషిని తినేస్తుందంటారు, అదే అనుకుంది. జాకెట్లు చూస్తే ఎప్పటిలాగే సరిపోతున్నాయి. దర్జీకి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

అన్నిటికంటే ఆ రాళ్ళ చప్పుడే ఆమెను పీక్కుతింటోంది. మిషను తొక్కినప్పుడల్లా అర అదిరి రాళ్ళు గలగలమంటాయి. ఏళ్ళ తరబడి వింటున్న చప్పుడే, కానీ ఇప్పుడు తలుపవతల ఎవరో నిలబడి గొళ్ళెం కదుపుతున్నట్టుంటోంది. ఓర్చుకోలేక ఆయన సీసా తీసి పాతగుడ్డల మూటలో దాచేసింది. వచ్చి మిషను తొక్కింది. గలగల ఆగలేదు. అరలో మిగిలింది ఆమె సీసాయే.

ఈ రోజు మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళాలి. ఆయన స్నానం చేసి వచ్చి ప్యాంటు తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది. ఆమె గుండె కుదుటపడింది.

"నువ్వూ తయారవు. ఎలాగూ వస్తావు కదా, బలానికి నీకూ ఓ సూది వేయిద్దాం," అన్నాడు, ఎప్పటిలాగే.

ఆయనకి తోడుగా ఉండటానికి ఆమె ఎన్ని సూదులైనా పొడిపించుకుంటుంది.

ఆయన బండి పిలవడానికి వీధిలోకి వెళ్ళాడు. ఆమె ఆయన ఉతికి మడతపెట్టిన జాకెట్టు తీసి తొడుక్కోబోతే హుక్కు ఊడి చేతిలోకొచ్చింది.

"రావే, బండి వచ్చింది!" వీధిలోంచి కేక.

"వస్తున్నానండీ, ఒక్క హుక్కు!"

సూదిలో దారం ఎక్కించి జాకెట్టు తిరగేసింది. తను ముడేసిన పక్క కుట్టు దాటి లోపలికి మరో కుట్టు, దాన్ని దాటి ఇంకొకటి, దాన్నీ దాటి ఇంకొకటి, ప్రతిదాని చివరా మూడుసార్లు వెనక్కి తొక్కి ఉంది.