కళగా ఉన్న ముఖం

"చూడక్కా, నా లైటు కింద నాన్న ముఖం ఎంత కళగా ఉందో! ఆసుపత్రి వార్డులో పెట్టిన చోట కూడా ఇదే మాట. రోగులందరూ తేరుకున్నట్టు కనిపిస్తున్నారట!"

నర్సుగా పనిచేసే అక్క అప్పుడే డ్యూటీ నుంచి వచ్చింది. భుజాన బ్యాగు దించకుండా తండ్రి వంకే చూస్తోంది.

చెల్లెలికి కాలు నిలవడం లేదు. కళ్లకు గుచ్చుకునే నీలిరంగు తగ్గేలా, ల్యాబులో ఎర్రటి వెలుగునిచ్చే ఫాస్ఫర్ పొడి పాళ్లు మార్చి మార్చి, నిద్రాహారాలు మాని చేసిన బల్బు అది. ఒక్క మంచి మాట అంటే అక్క సొమ్మేం పోయింది?

"ఆయాసంగా ఉందా నాన్నా?" అంది అక్క.

"కాస్త... మెట్లెక్కాను కదే..." మధ్యలో ఊపిరి తీసుకున్నాడాయన.

"పాత ట్యూబులైటు వెయ్యవే."

"ఎందుకు? కళ్లకు హాయిగా ఉందని నాన్నే అన్నాడు. నేనేం చేసినా నీకు ఆనదు!"

"ముందు వెయ్యి!"

చెల్లెలు విసురుగా బల్బు ఆర్పి ట్యూబులైటు వేసింది.

ఆ తెల్లటి వెలుగులో తండ్రి పెదవులు నేరేడుపళ్లు తిన్నట్టు నీలంగా ఉన్నాయి. గోళ్లూ అంతే.

అక్క అప్పటికే అంబులెన్సుకు ఫోన్ చేసి, కిటికీలు బార్లా తెరుస్తోంది. "ఆక్సిజన్ అందట్లేదు. నువ్వు వీపు నిమురు. ఏడవకు, వచ్చేస్తున్నారు."

చెల్లెలు ఏడవడం లేదు. ఒక చేత్తో తండ్రిని పట్టుకుని, రెండో చేత్తో ఫోను తడుముకుంటోంది.

"అక్కా... వార్డులో ఇంకా నా లైట్లే వెలుగుతున్నాయి."