కొలతల వారం

ముసలాయన బండి మళ్ళీ అడ్డం వచ్చింది.

షనీస్ తన బండిని గట్టిగా లాగి ఆపింది. దాని మీద పేర్చిన డబ్బాలు ఒక ఊపు ఊగి నిలబడ్డాయి.

"తాతా, జరుగుతావా లేదా?"

"జరుగుతున్నాగా తల్లీ," అన్నాడు రూఫస్, జరగకుండానే.

మెంఫిస్ విమానాశ్రయం వెనక ఉన్న ఆ గోదాములో అరల మధ్య సందులు ఒక్క బండికే సరిపోతాయి. ముందున్నవాళ్ళని దాటుకుని పోకూడదన్నది అక్కడి రూలు. ఆ రూలు ముసలాయనకి బాగా కలిసొచ్చింది. షనీస్ ఏ సందులోకి పోబోయినా తను ముందే దూరి, పెళ్ళినడకలు మొదలుపెడుతున్నాడు.

ఆయన కాంట్రాక్టు మనిషి. ఏజెన్సీ వాళ్ళు సోమవారమే పంపారు. వచ్చిందీ సరిగ్గా కొలతల వారంలో.

ఏడాదికోసారి వచ్చే ఆ వారం అందరి పనీ స్కానర్ల ద్వారా ఆఫీసువాళ్ళు గమనిస్తారు. తర్వాత గంటకి ఇన్ని డబ్బాలని బోర్డు మీద ఒక లెక్క రాస్తారు. ఏడాదంతా ఆ లెక్క దాటినవాళ్ళకి గంటకో డాలరు ఎక్కువ.

కొత్తగా చేరిన షనీస్‌కి ఆ డాలరే దిక్కు. రాత్రి డ్యూటీకి జీతం ఎక్కువే గాని, చంటిదాన్ని ఎవరు చూస్తారు? ఫోర్క్‌లిఫ్ట్ అనే బరువులెత్తే బండి నడపడం నేర్చుకుంటే ఇంకా ఎక్కువ, దానికి ముందు ఫీజు కట్టాలి. పిన్ని ఇంట్లో సోఫా మీద ఎన్నాళ్ళు పడుకుంటుంది? ఆ డాలరు వస్తే తల్లీకూతుళ్ళకి ఒక గది దొరుకుతుంది.

మధ్యాహ్నం అందరూ బయట నీడన కూర్చున్నారు. రూఫస్ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు.

"ఈ వారం పరిగెత్తకు తల్లీ," అన్నాడు.

"ఎందుకో?"

"ఇవాళ నువ్వెంత పరిగెత్తితే రేపు దాన్నే మామూలు నడక అంటారు. ఆ పైన చేస్తేనే డాలరంటారు."

"నువ్వు నడవలేక నన్నూ ఆపుతున్నావ్. అంతే కదా?"

పక్కనున్న టెరెల్ కిసుక్కున నవ్వాడు. "అసలు పుట్టాక ఎప్పుడైనా పరిగెత్తావా తాతా?"

"పరిగెత్తాను. ఒక్క వారం."

అందరూ నవ్వారు. రూఫస్ నవ్వలేదు.

"పరుగెత్తి పాలు తాగేకంటే నిలబడి నీళ్ళు తాగడం మేలమ్మా."

"నీకు నీళ్ళు చాలేమో. నాకు ఇంట్లో పాలు తాగే పిల్ల ఉంది."

ఆయన కాయల పొట్లం ఆమె వైపు జరిపాడు. ఆమె ముట్టుకోలేదు.

భోజనాలయ్యాక మళ్ళీ అదే సందు, మళ్ళీ అదే బండి. షనీస్ తిన్నగా సూపర్వైజరు గ్వెన్ దగ్గరికి వెళ్ళింది.

"ఆ ముసలాయన కావాలనే నాకు అడ్డం పడుతున్నాడు మేడమ్."

గ్వెన్ తన గది కిటికీ అద్దంలోంచి రూఫస్ వైపు చాలాసేపు చూసింది.

"బాగా ఆలోచించుకునే చెబుతున్నావా? కంప్లెయింటు రాశాక నా చేతుల్లో ఏమీ ఉండదు."

"రాసుకోండి."

మర్నాడు రూఫస్ రాలేదు. ముందురోజు సాయంత్రమే పంపించేశారట. షనీస్ బండి పిడికి ఒక వేరుశనక్కాయల పొట్లం వేలాడుతోంది. దాన్ని తీసి టెరెల్‌కి ఇచ్చేసింది.

ఇక దారి ఖాళీ. తిండి మరిచి, నీళ్ళు మరిచి పనిచేసింది. శుక్రవారానికి గోదాములో అందరికంటే ముందుంది. వేళ్ళు వాచాయి గాని మనసు మాత్రం దూదిలా తేలికైంది. ఇంటికి పోతూ దారిలో ఒక గది చూసి, ఎవరికీ ఇవ్వొద్దని ఇంటామెను బతిమాలుకుంది.

సోమవారం పొద్దున బోర్డు మీద కొత్త లెక్క పెట్టారు.

టెరెల్ బోర్డు దగ్గరికెళ్ళి మళ్ళీ మళ్ళీ చదివాడు.

"ఇది మనుషులు మోసే లెక్కేనా?" అన్నాడు. అని, మెల్లగా షనీస్ వైపు తిరిగాడు. "నీదేనటగా."

పోయిన వారం ఆమె ప్రాణం పెట్టి మోసినదే ఇక మీదట అందరూ రోజూ మోయాల్సిన లెక్క. నిరుడు డాలరు దక్కినవాళ్ళకీ ఇక దక్కదు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటేనే నయమనిపించింది షనీస్‌కి.

సాయంత్రమయ్యేసరికి వాచిన వేళ్ళతో తన లెక్కని తనే అందుకోలేకపోయింది.

షనీస్ గ్వెన్ గదిలోకి వెళ్ళి నిలబడింది.

"ఆయన్ని మళ్ళీ పిలిపించండి మేడమ్. తప్పు నాది."

"పొద్దున్నే ఏజెన్సీకి ఫోన్ చేశాను. మానేసి వెళ్ళిపోయాడట. ఎక్కడికో వాళ్ళకీ తెలీదు."

"ఆయన ఎందుకు అడ్డం పడ్డాడో మీకు ముందే తెలుసా?"

"తెలుసు. ఈ కుర్చీలో కూర్చున్నాక అలాంటివి తెలియకూడదమ్మా." గ్వెన్ తల దించుకుంది. ఆమెకూ సిగ్గేసింది.

"ఇంతకీ ఎవరాయన?"

గ్వెన్ లేచి తలుపు మూసింది.

"నేను పని మొదలుపెట్టింది నది అవతల పాత గోదాములో. నేను పోకముందే అక్కడ ఒక కుర్రాడు కొలతల వారంలో పరిగెత్తాడట. ఇంట్లో పసిబిడ్డకి పాలకి డబ్బుల్లేక. బోర్డు మీద అప్పుడు ఎక్కిన లెక్క మరి దిగలేదు."

షనీస్ తన వేళ్ళ వైపు చూసుకుంది.

"నడుము పట్టేసిన ప్రతివాడూ అక్కడ ఈ రోజుకీ దాన్ని రూఫస్ లెక్క అనే తిట్టుకుంటాడు," అంది గ్వెన్.