లచ్చమ్మ నేర్పిన మాట

"పోయొస్త అమ్మా," అంది వంజిరు గడప దగ్గర ఆగి.

ఆడవాళ్ల ఏడుపు టక్కున ఆగింది. మా వంటమనిషి లచ్చమ్మ కొడుకు యాక్సిడెంట్‌లో పోతే, పలకరించడానికి ఎస్.ఆర్. నగర్ వచ్చాం. చావింట్లో ఆ మాట ఎవరూ అనరు. చెప్పకుండానే లేచి వెళ్లిపోతారు.

వంజిరు కెన్యా నుంచి చదువుకోడానికొచ్చి అమీర్‌పేటలో మా ఇంట్లో ఉంటోంది. బయటికెళ్లేటప్పుడల్లా ఆ మాట అనాలని లచ్చమ్మే నేర్పింది.

"పిల్లకి తెలీదు లచ్చమ్మా, ఏమీ అనుకోకు," అన్నాను వంజిరు చెయ్యి పట్టి లాగుతూ.

"పైలంగ పోయి రా బిడ్డా," అంది లచ్చమ్మ, రోజూ అన్నట్టే. తర్వాత నావైపు చూసింది.

"నేనేమనుకుంట అమ్మా? మొన్న పొద్దుగాల నా కొడుకు బండి తీస్కొని గీ మాట చెప్పకుండనే పోయిండు."