ముందు సీటు ఆవిడ

“లోపలికి జరగండమ్మా, జరగండి! ఇంట్లో ఎలాగూ నా మాట చెల్లదు. ఇక్కడైనా వినండి!”

అరకు నుంచి విశాఖ వెళ్ళే మొదటి బస్సు సుంకరమెట్టలోనే కిక్కిరిసిపోయింది. కొండల్లోకి సెల్‌ఫోన్లు ఇంకా ఎక్కని రోజులవి. ఎవరి కబురైనా ఆ బస్సులోనే తిరిగేది. కండక్టరు వరహాలరావు బుట్టలూ బస్తాలూ దాటుకుంటూ టికెట్లు కొడుతున్నాడు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పిపోయి, కాలరు ఓ పక్కకి లేచిపోయింది.

“గుండీలు సూసుకో బాబూ,” అంది సోములమ్మ. ఎస్.కోట సంతలో అమ్మడానికి సీతాఫలాల బుట్టతో అప్పుడే ఎక్కింది.

“ఓ సేత్తో గంజి కలిపేను, ఇంకో సేత్తో గుండీలు పెట్టుకున్నాను అప్పా. గంజి కూడా ఇలాగే వచ్చింది.”

బస్సంతా నవ్వింది.

వరహాలరావు భార్యకి పెద్ద జబ్బని ఆ దారిలో తిరిగేవాళ్ళందరికీ తెలుసు. అతనే చెప్పేవాడు. ఇంట్లో వంట, మందులు, ఆవిడ పక్కబట్టలు ఉతకడం. ఆ పైన ఈ ఘాట్‌రోడ్డు డ్యూటీ. చెప్పి, తనని తనే వెక్కిరించుకునేవాడు.

“రెండు డ్యూటీల్లోనూ నన్ను సస్పెండ్ సేసీవలసిందే. మొన్న చెకింగాయన బస్సెక్కి కాగితాలు సూపించమంటే, జేబులోంచి థర్మామీటరు తీసిచ్చేను. ‘నాకు జొరం లేదయ్యా’ అన్నాడు పాపం.”

మళ్ళీ నవ్వులు.

“నిన్న మధ్యాన్నం కునుకు పట్టి, నిద్దట్లో ‘రైట్ రైట్’ అని అరిచేనట. లెగలేని మనిషి, మా ఆవిడ దిగ్గున లేచి కూకుంది! విశాఖ పెద్దాసుపత్రి డాక్టర్లు సెయ్యలేనిది నాను సేసేను.”

అందరికన్నా ఎక్కువ నవ్వింది ముందు సీటులో ఉన్న ఆవిడ. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది.

సోములమ్మకి ఆ నవ్వు నచ్చలేదు.

ఆవిడ వారం విడిచి వారం ఆ బస్సులో కనిపిస్తుంది. డ్రైవరు అప్పలస్వామి వెనక, కిటికీ పక్కన కూర్చుంటుంది. తలంతా శాలువా. ఎవరితోనూ మాట్లాడదు. ఆవిడ ఉన్న రోజున వరహాలరావు తీరే వేరు. కిటికీ అద్దం తనే వేస్తాడు. మలుపు వచ్చినప్పుడల్లా “అప్పలస్వామీ, నెమ్మది” అంటాడు. బస్సు ఎంత కిటకిటలాడినా ఆవిడ పక్కన మగాణ్ణి కూర్చోనివ్వడు.

“ఇంటికాడ పెళ్ళాం మంచం మీద. ఈడికి బస్సులో సరసాలు,” అని వెనక సీట్లవాళ్ళు గుసగుసలాడుకునేవారు.

సోములమ్మ ఒప్పుకునేది కాదు. తన మొగుడు దగ్గుతో తీసుకుంటుంటే, కొండ మీద పోడు పనీ ఇంట్లో అతని పనీ ఒంటిచేత్తో లాక్కొచ్చిన మనిషి ఆమె. ఆఖరికి అతను దక్కలేదు. వరహాలరావు గుండీలు చూస్తే ఆమెకి ఆ రోజులే గుర్తొచ్చేవి.

బుట్టలోంచి బాగా పండిన కాయలు ఏరి, చిన్న సంచిలో వేసి అతని చేతికిచ్చింది.

“మీ ఇంటిదానికి. నోటికి ఇంపుగా ఉంటాది. ఓపాలి వచ్చి సూసి పోనా?”

“వద్దప్పా. జాలిగా సూసేవోళ్ళంటే ఆవిడకి కోపం. కోపమొత్తే ఎక్కళ్ళేని బలమొత్తాది. దెబ్బలు తినీది నానే.”

నవ్వుతూనే అన్నాడు గానీ, సంచి అందుకున్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అనంతగిరిలో బస్సు టీకి ఆగింది. సోములమ్మ దిగి, టీ తాగి, మళ్ళీ మెట్టెక్కి అక్కడే నిలబడిపోయింది.

వరహాలరావు ముందు సీటు పక్కన వంగి ఉన్నాడు. సోములమ్మ ఇచ్చిన సీతాఫలం విప్పి, పిక్కలు ఒక్కొక్కటే తీసి, గుజ్జు ఆవిడ అరచేతిలో పెడుతున్నాడు. చిన్నపిల్లకి పెట్టినట్టు. ఆవిడ తింటూ అతని వంక చూసి నవ్వుతోంది.

సోములమ్మకి ఒళ్ళు మండిపోయింది.

“ఏటిరా, ఏటి సేత్తన్నావు?”

వరహాలరావు ఉలిక్కిపడి లేచాడు. “అది కాదప్పా…”

“నోర్ముయ్! నీ పెళ్ళానికని బుట్టంతా ఎతికి ఏరి ఇచ్చినాను. సావుబతుకుల్లో ఉన్నదాని పళ్ళు ఇంకోదానికి పిక్కలు తీసి తినిపిత్తావా? నువ్వు దాని జబ్బు మీద నవ్వుతాలాడితే, ఇదేమో ఇకిలిత్తాది! డిపో పెద్దోరికి సెప్పి నిన్నీ బస్సులోంచి తీయించకపోతే నాను సోములమ్మనే కాదు!”

“సెప్పాల్సిందే!” వెనక నుంచి ఇద్దరు ముగ్గురు అందుకున్నారు.

డిపో మాట వినగానే వరహాలరావు మొహం పాలిపోయింది. ఈ రూటు కోసం ఎంతమందిని బతిమాలుకున్నాడో అతనికే తెలుసు. ముందు సీటు వైపు చూశాడు. మొదటిసారి ఆ బస్సులో అతనికి ఒక్క జోకూ దొరకలేదు.

సోములమ్మ ఆవిడ మీదకి తిరిగింది. “నీకైనా సిగ్గు నేదా?”

ఆవిడ కోపం తెచ్చుకోలేదు. అరచేతిలో మిగిలిన గుజ్జు నోట్లో పెట్టుకుంది. చెయ్యి తుడుచుకుని, సోములమ్మ మణికట్టు పట్టుకుంది. ఆ పట్టులో బలమే లేదు.

“ఇన్నాళ్ళకి నా కడుపులో నిలబడిన తిండి నీ పండొక్కటే, మా ఆయన్ని ఏటీ అనకప్పా.”